లాగేది వేరు, మోసేది వేరు

ట్రైలర్ కొనడానికి వచ్చినవాళ్లు యార్డులో కాలు పెట్టగానే తలుపు తీసుకుని నేరుగా లోపలికి వెళ్లిపోతారు. మంచాలు లెక్కపెడతారు. సోఫాలో కూర్చుని చూస్తారు. పిల్లలు అప్పటికే పై బంకు ఎక్కేసి ఉంటారు. నేను మాత్రం వాళ్లు వచ్చిన బండి దగ్గరికి వెళ్తాను. డ్రైవరు వైపు తలుపు తీస్తే, ఆ తలుపు మూసుకునే చోట స్తంభం మీద ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది. బండిలో ఎక్కే మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని దాని మీద ఒక అంకె. ఎన్ని అడుగుల ట్రైలర్ కొనాలి అన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే: ముందు లాగేదాన్ని చూడండి, లాగించుకునేదాన్ని తర్వాత చూడొచ్చు.

మాది విజయవాడ. నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారు. మా ఆవిడ ఉద్యోగం మీద డాలస్ వచ్చాం. 2015లో హెచ్4 వీసా మీద ఉన్న కొందరికి పని చేసుకునే అనుమతి ఇవ్వడం మొదలయ్యాక నాకూ కార్డు వచ్చింది. అప్పుడు దొరికిన మొదటి పని ఊరికి ఉత్తరాన ఉన్న ఒక ట్రైలర్ యార్డులో. కొత్త ట్రైలర్లు చాలావరకు ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారై వస్తాయి. వాటిని దించుకుని, నీళ్లు ఎక్కించి, గ్యాసు లీకులు చూసి, టైర్లలో గాలి సరిచేసి, కొన్నవాళ్లకి అప్పగించడం మా పని. అప్పగించేటప్పుడు ఏ స్విచ్చు దేనికో, ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో రెండు గంటలపాటు తిప్పి చూపిస్తాం. దాన్ని వాక్‌త్రూ అంటాం. రెండేళ్లు అది చేశాక అమ్మకాల్లోకి వచ్చాను.

నాకు పని నేర్పింది మా సర్వీసు బేలో ఉండే ఒక పెద్దాయన. అంతకు ముందు ముప్ఫై ఏళ్లు పద్దెనిమిది చక్రాల లారీ తోలిన మనిషి. మాటలు తక్కువ. నేను తప్పు చేస్తే చెప్పేవాడు కాదు, చూపించేవాడు.

ఆ తప్పుల్లో పెద్దది అమ్మకాల్లోకి వచ్చిన తొలి ఏడాదే చేశాను. ఒక కుటుంబం వచ్చింది. మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు, పిల్లల నానమ్మ. పికప్ ట్రక్కు ఉంది. దాని పుస్తకంలో 9,000 పౌండ్లు లాగుతుందని ఉంది. వాళ్లకి నచ్చిన ట్రైలర్ 31 అడుగులు, బ్రోషర్లో బరువు 5,800. తొమ్మిది వేలు లాగే బండికి ఐదువేల ఎనిమిది వందలు ఒక లెక్కా అనుకున్నాను. సంతకాలు అయిపోయాయి.

పది రోజుల తర్వాత ఆయన ఫోన్ చేశాడు. "అన్నా, స్టీరింగు చేతిలో తేలిపోతోంది. రాత్రిపూట ఎదురొచ్చేవాళ్లు అందరూ లైట్లు కొడుతున్నారు." ట్రక్కు వెనక భాగం కుంగి, ముక్కు పైకి లేచి, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడుతున్నాయన్నమాట. నాకు చెమటలు పట్టాయి. బండిలో ఐదుగురు ఉన్నారు.

పెద్దాయన మమ్మల్ని హైవే పక్కన ట్రక్ స్టాపులో ఉన్న కాటా మీదికి తీసుకెళ్లాడు. లారీలు తూచే వేబ్రిడ్జే. ట్రక్కు ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు విడివిడిగా తూచి చీటీ ఇస్తుంది. ఒకసారి ట్రైలర్‌తో తూచాం, ఒకసారి విప్పేసి తూచాం. ట్రైలర్ 7,000 పౌండ్లు ఉంది. అందులో 910 పౌండ్లు ట్రక్కు నెత్తిన కూర్చుంది. ఆ చీటీ వెనక పెద్దాయన పెన్సిలుతో వరసగా రాశాడు: మనుషులు 690, ట్రక్కు వెనక వేసిన జెనరేటరూ ఐస్ పెట్టే 150, ట్రక్కుకి ట్రైలర్‌ని తగిలించే హిచ్ సామాను 100, ట్రైలర్ ముందు బరువు 910. మొత్తం 1,850. తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్నది 1,480. చీటీ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అప్పుడు నాకు మా తాతగారి ఊళ్లో ఎద్దుబండి గుర్తొచ్చింది. బస్తాలు బండిలో ఎలా సర్దాలో చిన్నప్పుడు చూసినవాణ్నే. వెనక ఎక్కువైతే నొగలు పైకి లేచి కాడి ఎద్దుల మెడ వదిలేస్తుంది. ముందు ఎక్కువైతే ఎద్దు మెడ విరుగుతుంది. ఎద్దు ఎంత లాగుతుందన్నది ఒక లెక్క. మెడ మీద ఎంత మోస్తుందన్నది ఇంకో లెక్క. నేను మొదటిది మాత్రమే చూశాను.

ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం ముందున్న హిచ్ మీద పడాలి. అంతకన్నా తగ్గితే వెనకాల ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అరవై మైళ్ల వేగంలో అది ఊగితే ట్రక్కుని కూడా తనతో తిప్పేస్తుంది. అందుకని బరువంతా వెనక సర్దేసి ట్రక్కుని తేలిక చేద్దామంటే కుదరదు. వెనక బంపర్‌కి నాలుగు సైకిళ్లు కట్టుకుని ఊగుతూ వచ్చిన ట్రైలర్లని చాలా చూశాను. బరువుని ముందు ఇరుసు మీదికి కూడా పంచే హిచ్ ఉంది, మేం పెద్ద ట్రైలర్లకి తప్పకుండా పెడతాం. అది ముక్కుని దించుతుంది కానీ స్టిక్కరు మీద అంకెని పెంచదు. దాన్ని పెంచే సామానేదీ మా కొట్లో లేదు.

కాబట్టి లెక్క ఇలా వేయండి. స్టిక్కరు అంకెలోంచి ఇంట్లో అందరి బరువూ తీసేయండి. బండిలో వేసే సామాను తీసేయండి. హిచ్‌కి వంద తీసేయండి. మిగిలినదాన్ని 13తో భాగించి వందతో గుణించండి. వచ్చినదే సామానుతో సహా మీ ట్రైలర్ ఉండదగ్గ బరువు. దాన్ని పట్టుకుని యార్డులోకి నడవండి, ఏ వరసలో ఆగాలో కాళ్లకే తెలుస్తుంది. హిచ్ మీద రాసి ఉండే పరిమితి కూడా చూడాలి, రెంటిలో ఏది తక్కువైతే అదే మీది.

బ్రోషర్లో ఉండే బరువుని నమ్మకండి. అది ఖాళీ గిన్నె బరువు. నలభై గ్యాలన్ల నీళ్లు నింపితేనే 330 పౌండ్లు పైన. రెండు గ్యాస్ సిలిండర్లు నింపితే డెబ్బై దాటుతాయి. బ్యాటరీలు, పరుపులు, కుర్చీలు, గిన్నెలు, బియ్యం. మనవాళ్లు సామాను సర్దితే ఇంకొంచెం వేసుకోవచ్చు కూడా. మూడు రోజుల ప్రయాణానికి కుక్కరు, మిక్సీ, పచ్చళ్ల సీసాలు, పప్పులపొడి డబ్బా ఉండాల్సిందే. ట్రైలర్ తలుపు దగ్గర కూడా ఒక స్టిక్కరు ఉంటుంది, ఇందులో ఇన్ని పౌండ్ల సామానే వేయాలి అని. పెద్ద ట్రైలర్‌లో ఎక్కువ సామాను పడుతుందనుకోకండి. బయటికి జరిగే మూడు స్లయిడ్ గదులూ రెండు ఏసీలూ ఉన్న 33 అడుగుల దానికన్నా రెండు ఇరుసుల మీద కట్టిన 23 అడుగులది ఎక్కువ మోయడం నేను స్వయంగా చూశాను.

ఒడిస్సీ, సియెన్నా లాంటి మినీవ్యాన్లతో వచ్చే కుటుంబాలు మా దగ్గర చాలా ఎక్కువ. కాగితం మీద అవి 3,500 పౌండ్లు లాగుతాయి. ఏడుగురు ఎక్కాక మెడ మీద మోయడానికి ఏమీ మిగలదు. వాళ్లకి ఉన్న మాట చెప్పేస్తాను: బండి మార్చే ఉద్దేశం లేకపోతే ట్రైలర్ కొనకండి, పార్కులో ముందే నిలబెట్టి ఉంచే ట్రైలర్ అద్దెకి తీసుకోండి. ఒక అమ్మకం పోతుంది. పోనివ్వండి.

బరువు తేలాక పొడవు. ట్రైలర్ పక్కన రాసి ఉండే 24, 26 లాంటి అంకెలు చాలాసార్లు లోపలి గదిని ఉద్దేశించినవి. ముందుకు పొడుచుకొచ్చిన నొగ, వెనక బంపర్ కలిస్తే మూడు నాలుగు అడుగులు పెరుగుతాయి. క్యాంప్‌గ్రౌండ్ వాళ్లు అడిగేది మొత్తం పొడవు. నిలబెట్టే చోటు ఇంకా పొడవు అడుగుతుంది, ఎందుకంటే ట్రక్కు కూడా ఆగాలి.

ఎక్కడికి వెళ్తారు అని అడుగుతాను. టెక్సోమా సరస్సు, టైలర్ స్టేట్ పార్కు అంటే పర్లేదు. బిగ్ బెండ్ వెళ్లాలి, కొండల మధ్య చీసోస్ బేసిన్‌లో దిగాలి అంటే ఆగి మాట్లాడతాను. ఆ దారి మెలికలు చూసి, 20 అడుగులు దాటిన ట్రైలర్లు తేవొద్దని పార్కువాళ్లే చెబుతారు. పాలో డ్యూరో లోయలోకి దిగే రోడ్డు నిటారుగా పది శాతం వాలు. మోంటానాలో గ్లేసియర్ పార్కు మధ్యలో కొండ దాటే రోడ్డు మీదికి 21 అడుగులు దాటిన బండినే రానివ్వరు. ట్రైలర్‌ని కింద విప్పేసి కారుతో వెళ్లాల్సిందే. పాత నేషనల్ పార్కుల్లో చాలా చోట్లు చిన్నవి, చెట్ల మధ్య ఇరుగ్గా ఉంటాయి. నన్ను అడిగితే మొత్తం పొడవు 25 అడుగుల లోపు ఉన్నవాళ్లకి మంచి చెట్టు నీడ దొరుకుతుంది. 35 అడుగులవాళ్లకి హైవే పక్క సిమెంటు గడులు దొరుకుతాయి. అడవి చూద్దామని బయల్దేరినవాళ్లకి అది సుఖం కాదు.

పొడవులో ఇంకో సంగతి, పెట్రోలు బంకు మలుపు. ఇరుసుల వెనక మిగిలే భాగం మలుపులో బయటికి ఊడ్చుకుంటూ వస్తుంది. యార్డు ట్రైలర్ ఒకటి తెస్తూ బంకులో కుడికి కొట్టినప్పుడు, ఎడమ వెనక మూల పసుపు స్తంభానికి గీసుకుపోయింది. నాలుగు అడుగుల గీత. ఆ వారం అంతా పెద్దాయన సాయంత్రాలు ఖాళీ పార్కింగులో కోన్లు పెట్టి నా చేత తిప్పించాడు. వెనక్కి పెట్టడానికి ఆయన నేర్పిన కిటుకు నేనూ అందరికీ చెబుతాను: స్టీరింగు అడుగున, గడియారంలో ఆరు ఉండే చోట, చెయ్యి పెట్టండి. ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటు జరపండి. నెమ్మదిగా. పొట్టి ట్రైలర్ చటుక్కున తిరుగుతుంది, తప్పు తొందరగా పెరుగుతుంది. పొడుగుది నిదానం, కానీ దానికి చోటు కావాలి.

ఇక లోపలి సంగతి. ఇక్కడ నాకు సాయపడింది నాన్న. బాడీ కట్టేముందు ఆయన షెడ్డు నేల మీద సుద్దతో లారీని పూర్తి కొలతలో గీసేవారు. ఇల్లు కట్టేవాళ్లు ముగ్గు పోసుకున్నట్టే. గీతల మధ్య నిలబడితే కళ్లకి తెలియనిది కాళ్లకి తెలుస్తుందనేవారు. మా కోసం ఒక ట్రైలర్ చూసుకునేటప్పుడు మా ఇంటి డ్రైవ్‌వే మీద నేనూ అదే చేశాను. ఇండియన్ స్టోర్లో ముగ్గుపిండి తెచ్చి ఎనిమిది అడుగుల వెడల్పు, ఇరవై రెండు అడుగుల పొడవు పోశాను. మంచం, బల్ల, పొయ్యి, స్నానాలగది గళ్లు పెట్టాను. మా ఆవిడ పొయ్యి గడిలో నిలబడి, "నేనిక్కడ పోపు వేస్తుంటే పిల్లాడు బాత్రూమ్‌కి ఎటునుంచి వెళ్తాడు?" అంది. రెండేళ్లు వందల ట్రైలర్లు చూపించిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. ఆ రోజు నుంచి యార్డులో నా సొరుగులో ముగ్గుపిండి పొట్లం ఉంటుంది.

దాంతో నాకు దక్కిన మొదటి విజయం ఫ్రిస్కో నుంచి వచ్చిన కుటుంబం. 33 అడుగులది, రెండు స్లయిడ్లు ఉన్నది కావాలని పట్టుదలగా ఉన్నారు. లెక్క వేస్తే వాళ్ల ట్రక్కు దాన్ని మోయలేదు. చెబితే మొహాలు మాడిపోయాయి. యార్డు తారు నేల మీద 25 అడుగుల బంక్‌హౌస్ ముగ్గు పోశాను. వెనక మూల రెండు బంకులు, ముందు పెద్ద మంచం, మధ్యలో ఒక్క స్లయిడ్. వాన పడుతోంది అనుకోండి, అందరూ ఈ గీతల లోపలే గంటసేపు ఉండండి అన్నాను. పిల్లలు క్యారమ్స్ బోర్డు ఎక్కడ పెట్టాలో వెతుక్కున్నారు. అరగంట అయ్యాక ఆవిడే అంది, "ఇది చాలదా మనకి?" ఏడాది తర్వాత బేరింగులకి గ్రీజు పెట్టించుకోవడానికి వచ్చినప్పుడు పదకొండు ట్రిప్పులు తిరిగామని చెప్పారు. 33 అడుగులది కొని ఉంటే స్టోరేజీలోనే ఉండేదేమో.

స్లయిడ్ అంటే బటన్ నొక్కితే గోడతో సహా బయటికి జరిగే గది ముక్క. రెండు మూడు అడుగుల వెడల్పు కలిసొస్తుంది. ఒకటి ఉంటే ఇల్లులా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ కొనేముందు స్లయిడ్ మూసేయించి లోపలికి వెళ్లండి. ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుందా? బాత్రూమ్‌కి వెళ్లగలరా? దారిలో రెస్ట్ ఏరియాలో ఆగినప్పుడు చంటిపిల్లతో మీకు కావలసినవి ఆ రెండే. స్లయిడ్ మూస్తే బాత్రూమ్ కూడా మూసుకుపోయే ట్రైలర్లు అందమైనవే చాలా ఉన్నాయి.

మంచం మీద బూట్లు విప్పి పడుకోండి. ట్రైలర్ క్వీన్ మంచం వెడల్పు అరవై అంగుళాలే కానీ పొడవు చాలావాటిలో డెబ్బై నాలుగు, డెబ్బై అయిదు. ఇంటి మంచం ఎనభై. ఆరడుగుల మనిషికి పాదాలు గోడకి తగులుతాయి. షవర్లో నిలబడి తల రుద్దుకున్నట్టు మోచేతులు ఎత్తండి. ఎనిమిది మంది పడుకోవచ్చు అని రాసి ఉంటే అందులో ఇద్దరిని భోజనాల బల్ల మీద, ఇద్దరిని సోఫా మీద లెక్కేశారని అర్థం.

ఆ బల్ల విషయంలో నేను ఒకరిని బాధపెట్టాను. చిన్నది కావాలన్న దంపతులకి 17 అడుగులది ఇచ్చాను. బరువు లెక్క చక్కగా సరిపోయింది, గర్వపడ్డాను కూడా. ఆ వేసవిలో ఆవిడ తల్లిగారు ఆరు నెలలకి వచ్చారు. ఆమె పక్క ఆ బల్లే, రాత్రి దించి పరుపు వేయాలి. ఆమె తెల్లవారుజామున నాలుగున్నరకి లేచే మనిషి. లేచాక కూర్చోవడానికి కుర్చీ లేదు, కాఫీ పెట్టుకుందామంటే కూతురూ అల్లుడూ అక్కడే నిద్ర. చీకట్లో బయట మెట్టు మీద కూర్చునేవారట. ట్రైలర్ మార్చుకోవడానికి వాళ్లతో వచ్చినప్పుడు ఆమె నాతో, "బండి బాగానే ఉంది బాబూ, నేనే పొద్దున్నే లేస్తాను" అన్నారు. వాళ్లకి ఆ మార్పిడిలో డబ్బు పోయింది. ఆ తర్వాత ఎంతమంది పడుకుంటారు అని అడగడం తగ్గించాను. ముందు లేచేదెవరు, ఆఖరున పడుకునేదెవరు అని అడుగుతున్నాను. వాళ్లిద్దరికీ మధ్య ఒక తలుపో, కనీసం ఒక మందపాటి కర్టెనో పడే ట్రైలరే సరైన సైజు. పెద్దవాళ్లు ఉంటే మంచానికి రెండువైపులా దిగే చోటు ఉండాలి. మూలకి తోసిన మంచమైతే పక్కవాళ్ల మీదుగా పాకి దిగాలి.

కరెంటు, మురుగు కూడా సైజులో భాగమే. మామూలు ట్రైలర్‌కి 30 ఆంపుల తీగ, అంటే 3,600 వాట్లు. ఆగస్టులో ఏసీ తిరుగుతుండగా కెటిల్, మైక్రోవేవ్ ఒక్కసారి పెడితే బ్రేకర్ పడుతుంది. పెద్దవాటికి రెండు ఏసీలు, 50 ఆంపులు. ఆ తీగ 12,000 వాట్లు ఇస్తుంది కానీ ఆ ప్లగ్గు ప్రతి చోటా ఉండదు. గిన్నెలు కడిగిన నీళ్లూ స్నానం నీళ్లూ వెళ్లే గ్రే ట్యాంక్ ముప్ఫై గ్యాలన్లు అనుకుంటే, ఐదుగురు తలంట్లు పోసుకుని బియ్యం కడిగితే రెండో రోజుకే నిండుతుంది. అందుకే మనవాళ్లకి నా సలహా, వంటని ట్రైలర్ బయటికి తీసుకురండి. ట్రైలర్ పక్కన విప్పే గుడ్డ పందిరి, ఆనింగ్, కింద మడతబల్ల, రెండు మంటల పొయ్యి. ఆవాలు చిటపటలాడినా పొగ అలారం మోగదు, దుప్పట్లకి ఇంగువ వాసన పట్టదు, లోపల అయిదారు అడుగులు తక్కువైనా ఎవరికీ తెలియదు. 1961లో ఎయిర్‌స్ట్రీమ్ వాళ్లు బాంబీ అని 16 అడుగులది తెచ్చారు. బాగుచేసిన ఒకదానిలో ఒక మధ్యాహ్నం గడిపాను. పూర్తి సంసారం ఉంది అందులో, కూర్చునే చోటు ఒక్కటి మాత్రం బయట గడ్డి మీద ఉంది.

పెద్దాయన ఇప్పుడు రిటైరయ్యాడు. ఆయన పెన్సిలుతో రాసిన ఆ కాటా చీటీ నా బల్ల గాజు కింద ఉంది. కొత్త కుర్రాళ్లు చేరిన రోజున దాన్ని బయటికి తీసి చేతికిస్తాను, ఏమీ చెప్పకుండా.

రేపు ప్లేనో నుంచి ఒక కుటుంబం వస్తోంది. ఐదుగురు. ముప్ఫై అడుగులది చూపించమన్నారు. తలుపు దగ్గర స్టిక్కరు ఫోటో పంపమన్నాను. ఇందాకే వచ్చింది: 1,310 పౌండ్లు. మనుషులకీ బండిలో సామానుకీ కలిపి 650, హిచ్‌కి వంద. మిగిలిన 560ని పదమూడుతో భాగిస్తే 4,300 చిల్లర. పొద్దున్నే వచ్చే కుర్రాడికి మెసేజ్ పెట్టాను, మూడో వరసలో ఉన్న 22 అడుగుల బంక్‌హౌస్‌కి కరెంటు కలిపి ఏసీ వేసి ఉంచమని, ముందున్న తారు నేల ఒకసారి ఊడ్చి పెట్టమని.